ఇల్లు నాది, సందు ఎవరిది?



ఈ సంచికలో మందుల గురించి కాకుండా చెత్త గురించి రాస్తున్నాను. ఆసుపత్రి పత్రికలో చెత్తకుప్పల సంగతి ఎందుకని మీలో కొందరు అనుకోవచ్చు. వానాకాలం మొదలైందంటే పిల్లల వార్డులో మంచాలు చాలవు. ఆ మంచాల మీదికి వచ్చే జబ్బుల్లో చాలావరకు సందు చివరి కుప్ప దగ్గరో, ఇంటి ముందు నిలిచిపోయిన కాలువ దగ్గరో మొదలైనవే. అందుకే ఈ నాలుగు మాటలు.

కొన్నేళ్ల క్రితం మాట ఇది. విజయవాడలో కొండవాలు మీద కట్టుకున్న ఇళ్లలో ఒకదాని నుంచి ఎనిమిదేళ్ల బాబును తీసుకువచ్చారు. డెంగీ జ్వరం. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. వారం రోజులు ఆ తల్లి మంచం పక్కనే నేల మీద పడుకుంది. దేవుని దయ వల్ల బాబు కోలుకున్నాడు. ఇంటికి పంపే రోజున నేను ఆమెతో కాస్త గట్టిగానే మాట్లాడాను. "పరిసరాలు శుభ్రంగా ఉంచుకోవాలమ్మా. ఎన్నిసార్లు చెప్పినా మీరు వినరు" అన్నాను. ఆమె తల వంచుకుని విని వెళ్లిపోయింది.

మూడు వారాలు తిరగకముందే ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి చంకలో చిన్నపిల్ల. అదే జ్వరం.

నా మాట ఆమె చెవికి ఎక్కలేదనుకున్నాను. చూసి రావాలని మా ఫీల్డు సిబ్బందితో కలిసి ఆ కొండ ఎక్కాను. ఒకటే గది. కడిగి బోర్లించిన గిన్నెలు, మూత పెట్టిన నీళ్ల బిందె, అలికినట్టున్న నేల, గడప ముందు ముగ్గు. ఆసుపత్రి వార్డును కూడా మేము అంత శుభ్రంగా ఉంచలేమనిపించింది. గడప దాటి పది అడుగులు వేస్తే రాతిగట్టుకీ గోడకీ మధ్య ఉన్న గొందిలో నడుం ఎత్తు చెత్త. అందులో ప్లాస్టిక్ గ్లాసులు, కొబ్బరి బోండాలు, ఒక పాత టైరు. వాటిలో వాన నీళ్లు, ఆ నీళ్లలో దోమ పిల్లలు.

ఇదేమిటమ్మా అని అడిగాను. ఆమె చెప్పిన జవాబు నేను ఇప్పటికీ మరచిపోలేదు. "ఇల్లు నాది సిస్టరమ్మా, రోజుకి రెండుసార్లు ఊడుస్తా. ఆ గొంది ఎవరిదో నాకు తెలీదు. నేనొకరోజు ఎత్తిపోస్తే మర్నాటికి మళ్లీ నిండుద్ది. బండి కింద రోడ్డు మీదికి తొమ్మిదింటికి వచ్చిద్ది. నేను ఆరింటికే పనికి పోతాను."

ఆ నాలుగు ముక్కల్లోనే సంగతంతా ఉంది. పేద పేటలు ఎందుకు చెత్తతో నిండిపోతాయి అని అడిగితే "వాళ్లకు శుభ్రత తెలియదు" అనే జవాబు మన నోటి చివరే ఉంటుంది. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. అది తప్పని ఇప్పుడు నా అభిప్రాయం. గడప దాటిన చోటికి యజమాని ఎవరూ లేకపోవడం, ఆ చోటికి చెత్త ఎత్తే మనిషి రాకపోవడం, ఈ రెండూ ముందు జరుగుతాయి. మనుషుల అలవాట్లు చెడడం ఆ తరువాత జరుగుతుంది.

పేరులోనే తీర్పు

మనం వాడే మాటనే చూడండి. మురికివాడ అంటాము. అక్కడ ఇళ్లున్నాయి, బడికి వెళ్లే పిల్లలున్నారు, తెల్లవారకముందే లేచి ఊరంతటికీ పని చేసి పెట్టే మనుషులున్నారు. అయినా ఆ చోటికి మురికి పేరే పెట్టాము. పేరు అలా స్థిరపడ్డాక అక్కడ చెత్త కనిపిస్తే ఎవరికీ ఆశ్చర్యం ఉండదు. మన వీధిలో రెండు రోజులు చెత్త ఎత్తకపోతే కార్పొరేషన్‌కు ఫోన్ చేస్తాము. అక్కడ రెండు నెలలు ఎత్తకపోయినా "అది అంతే" అనుకుంటాము.

ఇది కొద్దిమందికి సంబంధించిన విషయం కాదు. 2011 జనగణన ప్రకారం మన దేశంలో సుమారు ఆరున్నర కోట్ల మంది ఇలాంటి వాడల్లో ఉన్నారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఆ సంఖ్య కోటి దాటింది. ఆ జనగణన ఈ వాడలను మూడు రకాలుగా లెక్కపెట్టింది. ప్రభుత్వం నోటిఫై చేసినవి కొన్ని. నోటిఫై చేయకపోయినా గుర్తించినవి కొన్ని. ఈ రెండు జాబితాల్లోనూ లేక, జనగణన సిబ్బందే చూసి రాసుకున్నవి మరికొన్ని. ఈ మూడో రకం వాడల సంగతి ఆలోచించండి. జాబితాలో పేరే లేని చోట కాలువ కట్టమని, కుళాయి వేయమని ఎవరు ఎవరిని అడగాలి?

ఎక్కువ చెత్త ఎవరిది?

పేదవారు ఎక్కువ చెత్త చేస్తారని చాలామంది అనుకుంటారు. నిజం దానికి తలకిందులుగా ఉంది. తూకం వేస్తే సంపాదన ఎక్కువున్న ఇంటి చెత్తే బరువుగా ఉంటుంది. పేదింట్లో సీసా, డబ్బా, పాత కాగితం ఏదీ ఊరికే పారేయరు. పాత సామాన్లవాడు వస్తే అమ్ముకుంటారు.

అయితే పేదింటి చెత్త కంటికి ఎక్కువగా కనిపిస్తుంది. రోజు కూలీ మీద బతికేవారు షాంపూ సీసా కొనలేరు, ప్యాకెట్ కొంటారు. నూనె, సబ్బుపొడి, కాఫీపొడి, పిల్లల చిరుతిళ్లు అన్నీ చిన్న ప్యాకెట్లే. ఆ ఖాళీ ప్యాకెట్టును పాత సామాన్లవాడు తీసుకోడు, ఆవు తినకూడదు, మట్టిలో కలవదు. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. స్ట్రాలు, ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు ఆ జాబితాలో ఉన్నాయి. ఈ చిన్న షాంపూ ప్యాకెట్లు అందులో లేవు.

ఇంకొక సంగతి. తడి చెత్త, పొడి చెత్త వేరుగా పెట్టుకోండి అని చెబుతాము. మంచి మాటే. పది అడుగుల గదిలో ఐదుగురు పడుకునే ఇంట్లో రెండు బుట్టలు ఎక్కడ పెట్టాలి? బండి రాని మూడు రోజులు ఆ తడి చెత్తను పసిపిల్ల పక్కన ఉంచుకోవాలా? ఈ ప్రశ్న అడగకుండా ఇచ్చే సలహా గాలికి పోతుంది.

మెట్లు, కాలువలు, పట్టాలు

విజయవాడనే తీసుకోండి. ప్రకాశం బ్యారేజి దగ్గర నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యగా పోతాయి. ఊరి చుట్టూ, ఊరి నడుమ కొండలున్నాయి. చదును నేల కొనగలిగినవారు చదును నేల మీద ఇళ్లు కట్టుకున్నారు. పని వెతుక్కుంటూ వచ్చినవారికి మిగిలింది కొండవాలు, కాలువ కట్ట. కొండ మీదికి దారి అంటే మెట్లే. చెత్త ఎత్తే ఆటో మెట్లెక్కదు, తోపుడు బండీ ఎక్కదు. పారిశుద్ధ్య కార్మికురాలు తట్ట నెత్తిన పెట్టుకుని దిగాలి. ఒక్కరు ఎన్ని ఇళ్లకు అలా ఎక్కి దిగగలరు?

ఇదే విజయవాడ 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో దేశంలో మూడో స్థానంలో నిలిచింది. అది మనందరం గర్వించవలసిన విషయం. ఆ పేరు తెచ్చింది తెల్లవారుజామున చీపురు పట్టిన కార్మికులే. అయితే సగటు లెక్కలో ఊరు గెలిచిన రోజున కూడా కొండ మీది గొంది గెలవలేదు. వాన పడితే పైనున్న చెత్త కిందికి, కింది మురుగు కాలువలోకి కొట్టుకుపోతుంది. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు పేటలన్నీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక వీధుల్లో మిగిలిన బురద, పాడైన పరుపులు, బట్టలు, సామాన్లు చూసినవారికి తెలుసు. ఆ చెత్త అక్కడివారి అలవాటు వల్ల వచ్చింది కాదు. నీళ్లు తెచ్చి వారి ఇళ్లలో పోసింది.

పట్టా సంగతి కూడా చెప్పాలి. రేపు ఎవరో వచ్చి ఖాళీ చేయమంటారేమోనని భయపడేవారు ఇంటి ముందు సిమెంటు వేయరు, కాలువకు గట్టు కట్టరు. అద్దెకు ఉండేవారు ఏడాదికో ఇల్లు మారతారు. ఇరుగుపొరుగుకు పేర్లు తెలిసేలోపే సామాను సర్దుకుంటారు. ఆ చోటు తమదే అన్న ధీమా లేని చోట చీపురు గడప దగ్గరే ఆగిపోతుంది.

ఒకరు వేస్తే పదిమంది

అక్కడివారి తప్పు అసలు లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. రాత్రి చీకట్లో సంచి కట్టి గోడ అవతలికి విసిరే చేతులు అక్కడా ఉన్నాయి. కాలువలోకి కవరు విసిరేవారు ఉన్నారు. అది తప్పే. కానీ ఆ చేతులు ఒక్క పేదవారివే కావు.

నెదర్లాండ్స్ చాలా సంపన్న దేశం. అక్కడి గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం వారు చేసిన ఒక పరిశీలన 2008లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఒక సందులో నిలిపిన సైకిళ్ల హ్యాండిల్‌కు చిన్న కాగితం తగిలించారు. దగ్గరలో చెత్తబుట్ట లేదు. పక్క గోడ శుభ్రంగా ఉన్న రోజున నూటికి 33 మంది ఆ కాగితాన్ని పారేశారు. అదే గోడ మీద పిచ్చి రాతలు రాసి ఉన్న రోజున నూటికి 69 మంది పారేశారు. సందు మారలేదు, మనుషుల స్తోమత మారలేదు. ముందే ఎవరో పాడుచేసిన గోడ మాత్రం కనిపించింది.

మన ఊళ్లోనూ అంతే. ఖాళీ స్థలంలో మొదటి సంచి వేసినవారికి కాస్త సిగ్గు ఉంటుంది. పదో సంచి వేసేవారికి ఉండదు. నెల తిరిగేసరికి స్కూటర్ మీద పోయేవారు కూడా అక్కడే విసురుతారు. హోటళ్ల ఎంగిలాకులు, ఇళ్లు పగలగొట్టిన రాళ్లు ఆటోల్లో తెచ్చి రాత్రిపూట అక్కడే పోస్తారు. చుట్టూ ఉన్నవారు ఆపబోతే "నీ స్థలమా?" అంటారు. ఆ మాటకు పేదవారి దగ్గర జవాబు లేదు.

ఒంటికీ, మనసుకీ

డెంగీ దోమ మురుగు కాలువలో పెరగదు. గ్లాసులో, చిప్పలో, టైరులో నిలిచిన మంచి నీటిలో గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో ఆ గుడ్డు దోమ అవుతుంది. సాధారణంగా పుట్టిన చోటికి దగ్గరలోనే తిరుగుతుంది, పగటిపూట కుడుతుంది. అందుకే ఒక సందులో ఒకరికి వస్తే వరుసగా పక్క ఇళ్లవారికి వస్తుంది. ఆ తల్లి ఇద్దరు పిల్లలకూ జరిగింది అదే.

నీటి సంగతి ఇంకా భయంకరం. మురుగు కాలువ పూడిపోతే దానిలో నుంచో, పక్కనుంచో పోయే మంచినీటి గొట్టం మురుగులో మునిగిపోతుంది. కుళాయి రోజులో గంటో రెండు గంటలో వస్తుంది. నీళ్లు రాని వేళ గొట్టంలో ఒత్తిడి ఉండదు. ఎక్కడ చిన్న పగులున్నా మురుగు లోపలికి చేరుతుంది. మర్నాడు మొదటి బిందెలో అదే వస్తుంది. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో కలుషిత నీటి వల్ల వాంతులు, విరేచనాలు ప్రబలి పలువురు చనిపోయారు. వారిలో ఎవరూ నీళ్లు పట్టుకోవడంలో తప్పు చేయలేదు.

చెత్త ఎత్తకపోతే తగలబెడతారు. ఆ ప్లాస్టిక్ పొగ ఉబ్బసం ఉన్న పిల్లలకు, ముసలివారికి విషం. ఎలుకలు చేరితే ఎలుక జ్వరం వెంట వస్తుంది.

మనసు సంగతి మనం పట్టించుకోము. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 541 ఖాళీ స్థలాల మీద చేసిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. కొన్ని స్థలాల్లో చెత్త తీసి గడ్డి, చెట్లు పెంచారు. కొన్నింటిని అలాగే వదిలేశారు. చెట్లు పెంచిన చోట్ల చుట్టుపక్కల ఉన్నవారిలో దిగులుగా ఉందని చెప్పేవారు నూటికి 40 వంతులకు పైగా తగ్గారు. పేద పేటల్లో ఆ మేలు ఇంకా ఎక్కువ కనిపించింది. రోజూ కుప్ప పక్క నుంచి పనికి పోయే మనిషికి ఆ కుప్ప ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది.

సూరత్ చెప్పిన పాఠం

మార్చలేమా? మార్చినవారున్నారు. 1994 సెప్టెంబరులో గుజరాత్‌లోని సూరత్‌లో ప్లేగు వార్త పుట్టింది. లక్షల మంది ఊరు విడిచి పారిపోయారు. అప్పట్లో ఆ ఊరు చెత్తకు, మురుగుకు పేరుబడ్డది. 1995లో ఎస్.ఆర్. రావు గారు మున్సిపల్ కమిషనర్‌గా వచ్చారు. అధికారులు ఆఫీసుల్లో కూర్చోకుండా రోజూ ఉదయం వీధుల్లో తిరగాలన్నారు. ఏ వీధికి ఎవరు బాధ్యులో తేల్చారు. పేద వాడల్లో దారులు, మరుగుదొడ్లు, కాలువలు కట్టించారు. శుభ్రత పాటించని హోటళ్లు పెద్దవైనా జరిమానా వేశారు. రెండేళ్లు తిరగకముందే సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల్లో ఒకటని పేరు తెచ్చుకుంది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందూరుతో కలిసి మొదటి స్థానం పొందింది.

ప్లేగు నాడు ఉన్న మనుషులే ఆ తరువాతా ఉన్నారు. మారింది ఏమిటంటే, ప్రతి వీధికీ అడగదగిన ఒక మనిషి ఏర్పడ్డాడు.

మనం చేయదగినవి

మొదటిది మా ఆసుపత్రివారికే చెప్పుకుంటున్నాను. రోగి తల్లిని మందలించే ముందు మూడు ప్రశ్నలు అడుగుదాము. మీ సందుకు బండి వస్తుందా? ఎన్ని గంటలకు? కాలువ పూడిక ఎప్పుడు తీశారు? ఆ జవాబులు వింటే మన నోటి వెంట వేరే మాటలు వస్తాయి.

రెండోది మన సంఘాలకు. పండుగ భోజనాలు, పెళ్లి విందులు అయ్యాక ఆ ప్లేట్లు, గ్లాసులు ఎక్కడికి పోతున్నాయో ఒకసారి వెళ్లి చూడండి. చాలాసార్లు అవి ఏదో ఒక పేట పక్క ఖాళీ స్థలంలో తేలుతున్నాయి. సంఘానికి ఒక వంద స్టీలు కంచాలు కొనుక్కోవడం పెద్ద ఖర్చు కాదు.

మూడోది, కుప్పను మొదటి సంచి రోజునే తీయండి. తీసిన చోటును ఖాళీగా వదలకండి. ఒక అరుగు కట్టండి, నాలుగు పూలకుండీలు పెట్టండి.

నాలుగోది, అర్జీ పెట్టండి. "మా పేటను బాగుచేయండి" అని రాస్తే ఎవరూ చదవరు. "మా మెట్ల దగ్గరకు బండి ఉదయం ఐదున్నరకు రావాలి" అని ఒక్క పనే అడగండి. సంతకాలు చేయించండి, రసీదు తీసుకోండి, మళ్లీ వెళ్లి అడగండి. చదువు వచ్చినవారు వారి వెంట వెళ్లండి. పనికి పోయే తల్లికి ఆఫీసుకు వెళ్లడమంటే ఒక రోజు కూలీ పోవడం.

ఐదోది, ప్రతి శుక్రవారం ఇంట్లో, చుట్టుపక్కల నిలిచిన నీళ్లన్నీ పారబోయండి. ఇది మన చేతిలోని పని.

చివరిది, చీపురు పట్టినవారిని గౌరవించండి. ఆ పని చేసి పిల్లలను చదివించుకున్న తల్లిదండ్రులు మన సంఘ కుటుంబాల్లోనే ఉన్నారు. గాజు పెంకులు, వాడిన సూదులు కాగితంలో చుట్టకుండా చెత్తలో వేస్తే తెగేది వారి చేయి. చెత్త ఎత్తడం ఒక కులంవారి పని, వేయడం మన హక్కు అనే ఆలోచన మనలో ఏ మూల ఉన్నా దాన్ని కూడా ఊడ్చేయాలి.

ఆ కొండ మీది తల్లి, మరి పదకొండు మంది ఆడవారు కలిసి అర్జీ పెట్టారు. మా ఫీల్డు సిబ్బందిలో ఒకరు వెంట వెళ్లారు. నాలుగుసార్లు తిరిగాక బండి వేళ మారింది. మెట్ల కింద ఒక పెద్ద డ్రమ్ము వచ్చింది. గొందిలోని చెత్త తీసి ఆడవారే వంతులు వేసుకున్నారు. బండి రాని రోజున ఇప్పటికీ డ్రమ్ము పొంగుతుంది. ఆ తరువాతి వానాకాలంలో ఆ సందు నుంచి ఎవరూ జ్వరంతో రాలేదని రాయాలని ఉంది. ఇద్దరు వచ్చారు. అంతకు ముందు ఏడాది తొమ్మిది మంది వచ్చారు.

ఆ చిన్నపిల్ల ఇప్పుడు బడికి వెళుతోంది. ఈసారి ఆ తల్లి కనిపించినప్పుడు, ఆ రోజు అన్న మాటకు క్షమించమని అడిగాను. ఆమె నవ్వి, "మెట్ల మీద లైటు కూడా వేయమని రాయండి సిస్టరమ్మా" అంది. రాస్తున్నాము.